బావి ఒకరిది, పైపు ఇంకొకరిది: కేంద్ర పెట్రోలియం మంత్రి గారికి

మంత్రి గారూ, నమస్కారం.

నేను కొన్నాళ్లు దక్షిణ సూడాన్ రాజధాని జుబాలో ఒక హోటల్లో లెక్కలు రాశాను. ఆ ప్రభుత్వ ఆదాయంలో 90 శాతం దాకా చమురు మీదే వస్తుంది. అయినా మా మేనేజర్ పొద్దున లేవగానే చేసే మొదటి పని జనరేటర్ ట్యాంకులో కర్ర ముంచి డీజిల్ ఎంత మిగిలిందో చూడటం. ఆ డీజిల్ కెన్యాలోని మొంబాసా రేవు నుంచి ఉగాండా మీదుగా లారీల్లో రావాలి, నిమూలే సరిహద్దులో లారీలు ఆగిపోయాయంటే ఆ రాత్రికి ఫ్యాన్లు కూడా బంద్.

వాళ్ల ముడి చమురేమో ఉత్తరానికి, సూడాన్ మీదుగా పైపుల్లో పోర్ట్ సూడాన్ రేవుకి పోతుంది. ఆ సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15 నుంచి జనరల్ బుర్హాన్ నడిపే దేశ సైన్యానికీ, హెమెత్తీ నడిపే ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళానికీ యుద్ధం. ఆ చమురులో మైనం ఎక్కువ, దారి పొడవునా వేడి చేస్తూ పంప్ చేయకపోతే చలికాలం నెయ్యిలా పేరుకుపోతుంది. 2024 ఫిబ్రవరిలో జరిగింది అదే. యుద్ధం మధ్యలో ఉన్న పంపింగ్ స్టేషన్లకు డీజిల్ అందలేదు, పైపు పగిలింది. చమురు పైపు డీజిల్ లేక ఆగిపోయిందండీ! దాదాపు ఏడాది పాటు ఆ లైన్లో ఎగుమతి లేదు, ఉద్యోగులకు నెలల తరబడి జీతాల్లేవు.

ఇందులో మన డబ్బూ ఉంది. 2003లో మన ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ విదేశ్ అక్కడి ఒక చమురు ప్రాజెక్టులో 25 శాతం వాటా కొన్నప్పుడు రెండు సూడాన్లూ ఒకటే దేశం. 2011 జులైలో రెండయ్యాక చమురులో ముప్పావు వంతు దక్షిణానికి, పైపూ రేవూ ఉత్తరానికి. 2012 జనవరిలో రవాణా రుసుము గొడవతో దక్షిణం వాళ్లే బావులు మూసేశారు, 2013 డిసెంబరులో వాళ్ల సొంత అంతర్యుద్ధం. అప్పట్లో మనం కొన్న వాటాలో సూడాన్ వైపున్న హెగ్లిగ్ చమురు క్షేత్రం కూడా ఉంది. 2025 డిసెంబరులో అది ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి పోయింది. ఖార్టూమ్ రిఫైనరీ నుంచి రేవు దాకా మనవాళ్లు వేసిన 741 కిలోమీటర్ల పైపుకి సూడాన్ ప్రభుత్వం ఇవ్వాల్సిన బాకీ కోసం ఎన్నేళ్లు తిరిగారో మీకు తెలియంది కాదు.

విదేశీ వాటా కొన్నప్పుడల్లా ఇంధన భద్రత పెరిగిందంటారు. సరే, సూడాన్‌లో ఎంత పెట్టాం, ఎంత వెనక్కి వచ్చింది, ఎంత ఇరుక్కుంది, ఒక్క పేజీలో మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పండి. ఇకపై కొనేటప్పుడు బావి లోతుతో పాటు పైపు ఎవరి పొలంలోంచి పోతుందో కూడా చూసి లెక్క కట్టండి.

ఇంకో మాట. జుబాలో ఎండకి కరువు లేదు. ఈసారి అక్కడికి మన అధికారులు వెళ్తే, వాటాల గురించి మాట్లాడే ముందు ఆస్పత్రుల కప్పుల మీద సోలార్ ప్యానళ్లు పెట్టే సంగతి మాట్లాడమనండి.