గోడలు కూలగొట్టించింది నేనే

మన టిఫిన్ సెంటర్‌కు రోజూ వచ్చే అన్నలకు, వదినలకు, తమ్ముళ్లకు,

గోదావరిఖని దగ్గరి యైటింక్లయిన్ కాలనీల మన హోటల్ వెనుక జాగాల కడుతున్న పిల్లల హాలు గోడలు మొన్న సోమవారం కూలినయి. పర్మిషన్ లేదంట, పనివాళ్లు కొట్లాడి పోయిన్రంట, డబ్బా పైసలు అయిపోయినయంట అని తలా ఒక మాట నా చెవులవడ్డది. అవేవీ నిజం కాదు. కూలగొట్టించింది నేనే. ఎందుకో మీకు చెప్పాలె, ఎందుకంటే కౌంటర్ మీది స్టీల్ డబ్బాల పైసలేసింది మీరు. పోయిన దసరాకు సింగరేణి బొగ్గు గనుల లాభాల వాటా వచ్చినప్పుడు ఇంటికి పోకముందే ఇక్కడాగి వేసిపోయినోళ్లు ఉన్నరు.

ఈ హాలు ఎందుకో పాతోళ్లకు తెలుసు. గోదావరిఖని క్వార్టర్లల్ల రెండు రూములు. నాయిన నైట్ షిఫ్ట్ దిగొచ్చి పండుకుంటే పిల్లలు గట్టిగ నవ్వొద్దు, టీవీ పెట్టొద్దు. ఎండాకాలం సెలవుల్ల 45 డిగ్రీల ఎండకు బయట తిరగలేక పుస్తకాలు పట్టుకొని మన బెంచీల మీదకొచ్చి కూసునేటోళ్లు. పొద్దుగాల పిల్లలు చదువుకునేందుకు, పగటిపూట ఆడోళ్లు కుట్టు నేర్చుకునేందుకు, సాయంత్రం ముసలోళ్లు కూసునేందుకు, చిన్న శుభకార్యమైతే కిరాయి లేకుండ చేసుకునేందుకు 30 అడుగులు, 20 అడుగుల హాలు ఒకటి అనుకున్నం. జాగ నాది. మిగతాది మనందరిది.

ఇగ అసలు ముచ్చట. మనది థర్మల్ కరెంటు ప్లాంటు బూడిదకు కొదవలేని ప్రాంతం గనుక ఆ బూడిదతోటి చేసే ఫ్లైయాష్ ఇటుకనే తీసుకున్న, ఒక్కటి 7 రూపాయలకు. అమ్మింది నాకు తెలిసినాయనే, ఏండ్ల పరిచయం, మన దగ్గర ఉప్మా తిని పోయేటాయనే. మూడు లోడ్లు వచ్చినయి. గోడ నాలుగు అడుగులు లేచినంక మేస్త్రి ఒకరోజు నన్ను పిలిచి రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి కొట్టి చూపెట్టిండు. ఖంగుమనాలె. దబ్బుమన్నయి. గోరుతో గీస్తే పొడి రాలింది. నడుమెత్తు నుంచి ఇడిస్తే రెండు ముక్కలు.

నేను అక్కడికే ఊకోలే. పొయ్యి పక్కన బాగా ఎండబెట్టిన ఇటుకను మన తక్కెడ మీద పెట్టిన. 2 కిలోల 800 గ్రాములు. 24 గంటలు పాత గంజుల నీళ్లల్ల నానేసి తుడిచి తూకమేస్తే 3 కిలోల 500. అంటే నూటికి 25 పాళ్లు నీళ్లు తాగింది. 20 దాటొద్దని లెక్క. అయిదు ఇటుకలు తూకమేసిన, అయిదూ అట్లనే. బూడిద ఇటుకను అచ్చు తీసినంక రెండు మూడు వారాలు నీళ్లతో తడపాలె, అప్పుడే గట్టిపడుతది. వేరే పెద్ద ఆర్డర్ వచ్చిందని మన ఇటుకలను వారం కూడా తడపకుండ లారీకి ఎక్కించిండని తర్వాత ఆయన పనోళ్లే చెప్పిన్రు.

అడిగితే ఆయన ఏమన్నడో అది ఇప్పటికీ నాకు పడుతలేదు. "అక్కా, ప్లాస్టర్ వేస్తే కనపడది. పిల్లలు ఆడుకునే హాలే గదా, ఇల్లయితే కాదుగదా" అన్నడు.

నాలుగు రాత్రులు నిద్ర లేదు. మేస్త్రి కింద నాలుగడుగులు ఉంచి, పైన మంచి ఇటుక పెడదామన్నడు. లెక్కలు తెలిసిన ఇంజనీరు తమ్ముడు వచ్చి చూసి, ఒక్క అంతస్తే గనుక నిలబడుతది కావచ్చు అన్నడు. ఆ "కావచ్చు" కాడనే నేను ఆగిపోయిన. ఇది పిల్లర్ల మీద లేచే హాలు కాదు, స్లాబ్ బరువంతా ఆ గోడల మీదనే. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిల బ్లాస్టింగ్ అయితే మన షెల్ఫుల గ్లాసులు గలగలమనుడు మీరు రోజూ వింటరు. అసొంటి ఊర్ల, కింద నలభై మంది పిల్లలు కూసునే గది మీద "కావచ్చు" అనే స్లాబ్ నేను వెయ్య. సోమవారం పొద్దుగాల మేస్త్రి చేతికి సుత్తె నేనే ఇచ్చిన.

పోయిన పైసలు రాస్తున్న. ఇటుకలు దగ్గర దగ్గర 4,000, అంటే 28,000. కూలి, సిమెంటు, ఇసుక 24,000. కూలగొట్టి ఎత్తిపోసుడు 7,000. మొత్తం 59,000. ఇందుల ఒక్క రూపాయి కూడా డబ్బాది కాదు. కొత్త గ్రైండర్ కోసం దాచుకున్న పైసల నుంచి నేను కట్టిన. ఇటుకలాయన సగం, అంటే 14,000 వాపస్ ఇస్తనన్నడు, ముచ్చట బయట పెట్టొద్దని. వద్దన్న. ఇద్దరు ముగ్గురు అన్నలు ఈ నష్టం తలా ఇంత పంచుకుందామన్నరు. మీ మనసు నాకు తెలుసు, కానీ ఇది మాత్రం పంచనియ్య. పరిచయమున్నాయనే గదా అని ఇటుకను పరీక్షించకుండ దించుకున్నది నేను, కట్టేది నేను. డబ్బా లెక్క మొత్తం, మొదటి రోజు నుంచి, క్యాష్ కౌంటర్ పక్క గోడకు అతికించిన. డబ్బా పైసలు తిన్నదన్నోళ్లు ఒక్కసారి వచ్చి అది చదవండ్రి, తర్వాత నా మొహం చూసి మాట్లాడండ్రి. పదిహేడేండ్ల సంది ఈ పొయ్యి దగ్గర నిలబడ్డ. పిండి పులిసిపోతే పారబోసిన గానీ ఎవరి పళ్లెంలెయ్యలే.

టిఫిన్ రేట్లు పెంచుత లేను. పాత గ్రైండరే నడుస్తది, అందుకే దోశ పిండి కొంచెం తక్కువ వస్తది, తొమ్మిదిన్నర దాటితే దోశ అడగొద్దు. ఫస్ట్ షిఫ్ట్‌కు పోయేటోళ్లకు ఎప్పటిలెక్కనే అయిదు గంటలకు ఇడ్లీ, వడ.

ఎండాకాలం సెలవులకు హాలు తెరుస్తనని మాటిచ్చిన, అది తప్పింది. పిల్లలకు ఆ మాట నేనే చెప్పిన, వాళ్ల ముందర తల దించుకున్న. ఇప్పుడు వేరే దగ్గర ఇటుక మాట్లాడిన. ప్రతి లోడ్ నుంచి అయిదు తీసి నానేసి తూకమేసినంకనే లారీ ఖాళీ చేయిస్తున్న. గోడలు లేచి, స్లాబ్ పడి, స్లాబ్ కింద ఆసర పెట్టే సెంట్రింగ్ 21 రోజులు ఉండాలె. అంటే దసరా దాటుతది. అప్పటిదాక పిల్లలకు పగటి పన్నెండు నుంచి నాలుగు దాక మన హోటల్ బెంచీలే. ఫ్యాన్లు రెండు కొత్తవి వేయించిన. చాయ్ తాగేటోళ్లు ఆ టైమ్‌ల బయట స్టూళ్ల మీద కూసోండ్రి.

కొత్త ఇటుకల రెండో లోడ్ రేపు పొద్దుగాల వస్తది. తూకం చూడాలనుకున్నోళ్లు ఎల్లుండి ఏడు గంటలకు రండ్రి, గంజుల నుంచి మీ ముందరనే తీస్త.