పైపూత మందుకూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది

సంపాదకుడు గారికి,

కడుపుతో ఉన్నప్పుడు ఒక్క మాత్ర మింగాలన్నా మన ఆడవాళ్లు పదిమందిని అడుగుతారు. అదే ట్యూబులో వచ్చే మందైతే ‘పైపూతే కదా’ అని రాసేసుకుంటారు. ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైన దాన్ని కనుక ఈ ధోరణి నాకు కొత్త కాదు. మందుల షాపుల్లోనూ ఇదే నడుస్తుండటం చూశాకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న చిక్కడపల్లిలో ఒక మెడికల్ షాపు దగ్గర నిలబడి ఉంటే, ఓ కుర్రాడు వచ్చి ‘మా ఆవిడకు పన్ను నొప్పన్నా, ఏదన్నా జెల్ ఇవ్వు’ అన్నాడు. కౌంటర్‌లో అతను ఫోన్‌లోంచి తలెత్తకుండానే ఒక ట్యూబు తీసి ముందు పెట్టాడు. నేను కల్పించుకుని అడిగితే ఆ అమ్మాయికి ఏడో నెలట! పెట్టె తిప్పి చూస్తే చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో లిగ్నోకైన్, కోలిన్ సాలిసిలేట్ అని ఉంది. మొదటిది రాసిన చోట స్పర్శ తెలియకుండా చేసే మత్తు మందు. ఈ రెండోది ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన మందు. నెలలు నిండుతున్న కొద్దీ డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. పంటి డాక్టర్‌కు చూపించలేదా అంటే, ‘మత్తు ఇంజెక్షన్ ఇస్తారంట ఆంటీ, బిడ్డకు మంచిది కాదని మా అమ్మ వద్దంది’ అన్నాడు.

ఎంత తలకిందుల వ్యవహారమో చూడండి. పంటి వైద్యానికి లిగ్నోకైన్ ఇంజెక్షన్ గర్భిణులకు ఇవ్వవచ్చని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లోనే చెప్పింది. డాక్టర్ కొలిచి, కావలసిన చోటే ఇస్తాడు. దానికి భయపడి, గంటగంటకూ ఇంట్లో రాసుకునే ట్యూబుకు లెక్కేముంది? పైగా నొప్పి తెలియకపోయేసరికి పిప్పి పన్ను కింద చీము ముదురుతూనే ఉంటుంది.

మత్తు క్రీములన్నీ ఒకటి కావు. వాటిలో కొన్నింటిలో ఉండే బెంజోకైన్, ప్రిలోకైన్ అనే మందులు అరుదుగానైనా రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తాయి. పెదవులు, గోళ్లు నీలంగా మారితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తకణాల్లో ఉండే జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మొలల ఆయింట్‌మెంట్లలో కొన్నింటికి స్టెరాయిడ్ కూడా కలుస్తుంది. నడుం నొప్పికి రాసే డైక్లోఫెనాక్ జెల్ మత్తు మందు కాకపోయినా దాన్నీ ఇదే గాటన కట్టేస్తున్నారు. చివరి మూడు నెలల్లో దాని జోలికి పోకూడదు.

అలాగని మొలల మంటతో కూర్చోలేని అమ్మాయిని పళ్ల బిగువున ఓర్చుకోమనను. డాక్టర్ చెప్పిన లిగ్నోకైన్‌ను కొంచెంగా, నాలుగు రోజులు రాసుకుంటే భయపడాల్సింది పెద్దగా ఉండదు. ఒళ్లంతా పట్టించడం, పుండ్ల మీద రాయడం, పైన ప్లాస్టిక్ చుట్టడం, కాపడం పెట్టడం మాత్రం ప్రమాదం. అలా చేస్తే మందు ఎక్కువగా రక్తంలోకి పోతుంది. లేజర్‌తో రోమాలు తీయించుకునే ముందు కాళ్లకు మత్తు క్రీము పట్టించి ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు చనిపోయారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో హెచ్చరించింది. వాళ్లు గర్భిణులని ఎక్కడా చెప్పలేదు, అయినా ప్రాణం పోయింది. సీమంతానికి ముందు ముస్తాబు కోసం బ్యూటీ క్లినిక్‌లకు వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఔషధ నియంత్రణ అధికారులకు నా విన్నపం పెద్దదేమీ కాదు. మత్తు క్రీము, నొప్పి జెల్ అమ్మే ముందు ‘ఇది ఎవరికి, గర్భిణికా?’ అని ఫార్మసిస్టు అడిగి తీరాలి. షాపులో ఫార్మసిస్టు సర్టిఫికెట్ గోడకు వేలాడితే చాలదు, మనిషి కూడా ఉండాలి. పెట్టె మీద తెలుగులో, ఉర్దూలో ఒక్క వాక్యం హెచ్చరిక అచ్చు వేయించాలి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు జరిగే పరీక్షల్లో ‘ఏ మాత్రలు వేసుకుంటున్నావమ్మా’ అని ఎలాగూ అడుగుతారు. ‘ఏం రాసుకుంటున్నావు’ అని కూడా అడిగి, ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ సంచిలో వేసుకుని రమ్మని ఆశా కార్యకర్తల చేత ముందే చెప్పించాలి.

– ఒక రిటైర్డ్ నర్సు, చిక్కడపల్లి, హైదరాబాద్