తెనాలి మాస్టారికి, ఘంటసాల అభిమానులందరికీ

తెల్లవారుజాము 4 అయింది. ఘంటసాల గారి పాటలున్న 42 పాత లక్క రికార్డుల్లో ఆఖరిదాని రెండో వైపు ఇప్పుడే కంప్యూటర్లోకి ఎక్కింది. కళ్ళు మూతలు పడుతున్నాయి, కానీ ఇది రాయకుండా పడుకోలేను.

మాస్టారూ, మీ ముఖం ఇంతవరకు చూడలేదు. రికార్డు వేస్తే బుసబుస తప్ప పాట వినపడట్లేదని అభిమానుల్ని అడిగితే, గంటలో మీరే ఫోన్ చేశారు. "ముల్లు ఏది పెట్టారు?" అన్నారు. ఎల్పీ ముల్లు, అంటే తర్వాత వచ్చిన ప్లాస్టిక్ రికార్డులది. దాని మొన సుమారు 25 మైక్రాన్లు, నిమిషానికి 78 సార్లు తిరిగే ఈ లక్క రికార్డు గాడికి 75 దాకా కావాలి. సన్న ముల్లు గాడి అడుక్కి దిగి దుమ్ములో నడుస్తుంది, పాటేమో గోడల మీద ఉంటుంది. మూడో రోజుకి మీ ముళ్ళే కొరియర్లో వచ్చాయి, రెండు సైజులు. పాత ఉక్కు పిన్నులు అరగదీసిన చోటు తప్పించి నడిచే సైజు దొరికితే గొంతు తేటగా వస్తుందన్నారు. అలాగే వచ్చింది.

స్పిరిట్‌తో తుడవబోతుంటే ఆపింది మీరే, లక్క కరిగిపోతుందని. లీటరు డిస్టిల్డ్ వాటర్లో నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి బ్రష్షు, గాడి వెంట గుండ్రంగా, లేబుల్ తడవకుండా. రెండు చానళ్ళూ కలిపి మోనో చేయగానే సగం గరగర పోయింది. మొదటి ఫైలు విని "ఇది ఆయన గొంతు కాదు, వేగం ఎక్కువైంది" అన్నారు. ట్యూబులైటు కింద స్ట్రోబ్ డిస్కు (వేగం చూసే గీతల చక్రం) పెట్టి సరిచూస్తే నిజంగానే 78కి బదులు 81 తిరుగుతోంది. నాయిస్ తీసే ఫిల్టరు ఎక్కువ పెడితే గమకం కొసలు తెగిపోతాయని కూడా చెవితోనే పట్టుకున్నారు.

పార్సిల్లో ఒక రికార్డు పగిలిందని తెలిసి మీ కాపీ పంపారు. రెండు వైపులా ప్లైవుడ్, లోపల ఒక చీటీ: "ఎక్కించాక పంపండి, తొందరేం లేదు." అది చదివి ఏడుపు ఆగలేదు.

ఒక మాట అనకుండా ఉండలేను. 2022లో ఘంటసాల గారి శతజయంతికి ఊరూరా దండలు వేశాం. ఈ రికార్డులు భద్రపరచమని ఒక పెద్ద సంస్థకి మూడు ఉత్తరాలు వెళ్తే, టెక్నీషియన్ రిటైరయ్యారు, పోస్టు ఖాళీ అన్నారు. లక్క రికార్డు ఎండకి వంగుతుంది, ఒకదాని మీద ఒకటి పేరిస్తే పగులుతుంది. ఖాళీ భర్తీ అయ్యేదాకా అది ఆగదు.

లేబుల్ ఊడిన ఆరు రికార్డులకి, లేబుల్ అంచున లక్కలో ఉన్న నంబరు ఫొటో పెట్టగానే పాటల పుస్తకాలు తిరగేసి రాత్రికి రాత్రే సినిమాల పేర్లు చెప్పినవాళ్ళందరికీ నమస్కారం. వైపుకి మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది కాబట్టి కొన్ని పాటల్లో చరణం తగ్గించారని, అది మా ఫైలు తప్పు కాదని చెప్పిందీ మీరే.

ఇంట్లోవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, హార్మోనియంతో శృతి చూసిపెట్టిన గుడివాడ అక్కయ్యని మర్చిపోయాను. డిస్టిల్డ్ వాటర్‌కి డబ్బులు తీసుకోని బ్యాటరీ షాపు అబ్బాయినీ. పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చిన ఆటో అన్ననీ.

మాస్టారూ, మీ రికార్డూ ముళ్ళూ రేపే పంపుతున్నాను. ప్లైవుడ్ మధ్యే, రికార్డు నిలబెట్టి.