నీ "టెన్షన్ బీపీ" సంగతి

మాంచెస్టర్,
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నాకు అక్క ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం కులాసా. మీ ఆఫీసు హెల్త్ క్యాంపులో నీ బీపీ 148/96 వచ్చిందనీ, నువ్వు మాత్రం "అది టెన్షన్ వల్ల వచ్చిందిలే" అంటూ ఆ చీటీని మడిచి బీరువాలో పడేశావనీ అమ్మ నిన్న చెప్పింది. ముప్పయ్యేళ్లు నిండనివాడికి బీపీ ఏమిటని నాన్నగారు కూడా నీ పక్షమే వహించారట. ఫోనులో అడిగితే నవ్వి తప్పించుకుంటావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

టెన్షన్ వల్ల వచ్చి ఉండవచ్చు. ఆ మాట నేను కాదనను. కారణం దొరికింది కాబట్టి భయం లేదనుకోవడమే నాకు నచ్చలేదు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కంగారు వేళ అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె వేగం పెరిగి, బీపీ ఎగబాకి, కంగారు తీరగానే మళ్లీ దిగుతుంది. మరో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తీరు వేరు. అవే గ్రంథుల నుంచి నిదానంగా వచ్చే ఈ హార్మోన్, నిద్ర లేచిన అరగంటకో ముప్పావు గంటకో శిఖరానికి చేరి, అర్ధరాత్రికి అడుగుకు దిగాలి. అది అదేపనిగా ఎక్కువగా ఉంటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలుస్తాయి, రక్తనాళాలు అడ్రినలిన్‌కు మరింతగా బిగుసుకుంటాయి. బీపీ కూడా నిద్రలో పగటికంటే నూటికి 10 నుంచి 20 వంతులు తగ్గాలి. బెంగళూరు మారతహళ్ళి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇల్లు చేరి, అమెరికా వాళ్లతో ఒంటిగంట దాకా కాల్స్‌లో కూర్చునే నీకు ఆ తగ్గుదలకు వేళ ఎక్కడుంది?

బీపీ మామూలుగానే ఉన్న నాలుగు వందల పైచిలుకు మంది అమెరికన్ల మూత్రంలో ఈ హార్మోన్లను కొలిచి, ఏళ్ల తరబడి వాళ్లను గమనించిన పరిశోధన 2021లో వెలువడింది. ఒత్తిడి హార్మోన్లు ఎక్కువగా ఉన్నవారికి తర్వాత బీపీ వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. అరవై దాటని వారిలో ఈ సంబంధం ఇంకా గట్టిగా కనిపించింది. గుండెపోటు, పక్షవాతం వంటి వాటితో ముడిపడింది మాత్రం కార్టిసాల్ ఒక్కటే. వాళ్లెవరూ నీ వయసువాళ్లు కారు, నిజమే. కానీ 52 దేశాల రోగులను పరిశీలించిన 2004 నాటి ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు సుమారు 53 ఏళ్లకు వచ్చింది, మిగతావారికి 59 దగ్గర. మనకు ఆరేళ్లు ముందే గంట మోగుతోందన్నమాట.

నిరుడు నాకూ క్లినిక్‌లో బీపీ పై అంకె 150 దాటింది. ఇక్కడ ఒక్క కొలతతో మాత్ర రాయరు. చేతికి పట్టీ కట్టి ఇరవై నాలుగు గంటలు కొలిచారు. అది రాత్రంతా ఉబ్బుతూ బుసకొడుతుంటే నిద్ర పట్టనిది మీ బావకు. చివరికి నా పగటి సగటు 128/80 అని తేలింది. డాక్టరును చూస్తే పెరిగే బీపీ అట. నీదీ అదే కావచ్చు. క్లినిక్‌లో బాగానే ఉండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉన్నారు, అందుకే కొలవమంటున్నాను.

మణికట్టుకు కట్టేది కాక, భుజం కింద కట్టే మిషను కొను. కాఫీ తాగిన అరగంటలోపు వద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, అయిదు నిమిషాలు మాటాడకుండా కూర్చుని, పట్టీ గుండె ఎత్తున ఉండేట్టు చూసుకుని, ఉదయం, సాయంత్రం నిమిషం తేడాతో రెండేసి సార్లు చొప్పున ఏడు రోజులు కొలువు. మొదటి రోజువి వదిలేసి సగటు కట్టు; 135/85 అయినా, అంతకు మించినా ఆ కాగితంతో డాక్టరు దగ్గరకు వెళ్లు. రేపే జయదేవ గుండె ఆసుపత్రికి పరుగెత్తమనడం లేదు. అయితే 180/120 దాటినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆ పూటే వెళ్లాలి.

అమ్మ పంపిన ఆవకాయ సీసా నా ఎదుటే ఉంది కాబట్టి ఉప్పు గురించి నీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఎనిమిదో రోజు ఆ కాగితం ఫోటో తీసి పంపు. నాన్నగారి చేతికి కూడా పట్టీ కట్టి, ఆ అంకెలు పక్కనే రాయి.

ఇట్లు,
నీ అక్క