హెవీ లైసెన్సు ఉంది, స్టీరింగ్ ఎవరిస్తారు?

సంపాదకుల వారికి,

కొత్త డ్రైవర్లకు శిక్షణ మేమే ఇస్తాం, ఉద్యోగమూ మేమే ఇస్తాం అంటూ లారీ కంపెనీల ప్రకటనలు ఈ మధ్య ఆటోనగర్ గోడల మీదా ఫోన్లలోనూ తెగ కనిపిస్తున్నాయి. ఉచిత శిక్షణ, భోజనం, వసతి, ఆ తర్వాత నెల జీతం అని ఉంటుంది, అంతకు మించి ఒక్క ముక్క ఉండదు. ఇరవై ఆరేళ్లు లారీ నడిపి మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నవాణ్ణి నేను. మా మేనల్లుడు పోయినేడు ఇలాంటి ఒక కంపెనీలో చేరి వచ్చాడు. వాడి తర్వాత చేరబోయే పిల్లలకైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా రోజుల్లో శిక్షణ అనే మాటే లేదు, క్లీనరుగా ఎక్కేవాళ్లం. పట్టా కప్పడం, తాళ్లు బిగించడం, టైరు మీద కొట్టి చప్పుడుని బట్టి గాలి ఉందో లేదో చెప్పడం, రివర్సులో వెనక నిలబడి 'రానీ రానీ' అని అరవడం, ఇలా మూడు నాలుగేళ్లు గడిచాక ఏ తెల్లవారుజామునో ఖాళీ రోడ్డు చూసి గురువు స్టీరింగ్ ఇచ్చేవాడు. తిట్లు తిన్నాం, దెబ్బలూ తిన్నాం, అదేదో గొప్ప చదువని నేననను. కానీ అన్నేళ్లు పక్క సీట్లో కూర్చుంటే ఘాట్‌లో గేరు ఎక్కడ మార్చాలో కాళ్లకే తెలిసిపోయేది. ఇప్పుడు చాలా బళ్లలో క్లీనరే లేడు, ఆ జీతం మిగులుతుందని ఓనర్లు తీసేశారు. క్లీనర్‌తో పాటు ఆ చదువూ పోయింది.

దాని బదులు ఏముందయ్యా అంటే, రూల్సులో ఉన్నది ఇదీ. హెవీకి వెళ్లాలంటే ముందు లైట్ మోటార్ లైసెన్సు కనీసం ఏడాది చేతిలో ఉండాలి, 20 ఏళ్లు నిండాలి. డ్రైవింగ్ స్కూల్లో రవాణా వాహనాల శిక్షణ 30 రోజులకు, అందులో బండి నడపడం 15 గంటలకు తగ్గకూడదని 1989 నాటి నిబంధనలు చెబుతాయి. 2021 జులై నుంచి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో అయితే హెవీ కోర్సు 38 గంటలు, ఆరు వారాల్లో పూర్తి చేస్తారు, అక్కడ పాసైతే ఆర్టీవో ఆఫీసులో మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ ఉండదు. 15 గంటలంటే ఎంతో చెప్పనా? లోడు లారీతో విజయవాడ నుంచి విశాఖ పోయి రావడానికి చాలదు!

కాబట్టి లైసెన్సు వచ్చాక కంపెనీ ఇచ్చే శిక్షణే అసలు శిక్షణ. మొదటి వారం క్లాసు రూములో కూర్చోబెడతారు, కళ్ల పరీక్ష చేయిస్తారు, వీడియోలు చూపిస్తారు. తర్వాత యార్డులో డ్రమ్ముల మధ్య రివర్సు. ఇంతవరకూ బాగానే ఉంటుంది. తర్వాత సీనియర్ డ్రైవరు పక్కన ఎక్కిస్తారు చూడండి, మా వాడి కథ అక్కడే తిరగబడింది. నెల రోజుల ట్రిప్పుల్లో వాడి చేతికి స్టీరింగ్ వచ్చింది ఐదారు గంటలు, అదీ రాత్రి రెండింటికి సీనియర్‌కి నిద్ర ఆగనప్పుడు, అతను వెనక పడుకుని గురక పెడుతుంటే! మిగతా టైమంతా పట్టా, తాళ్లు, టీలు. అంటే క్లీనర్ని తీసేసిన కంపెనీ ట్రైనీ అని పేరు మార్చి జీతం లేని క్లీనర్ని పెట్టుకుందన్నమాట. సీనియర్నీ ఏమనలేం, నేర్పినందుకు అతనికి పైసా ఇవ్వరు, లోడు ఆలస్యమైతే మాత్రం బత్తాలో కోస్తారు.

నేర్పాల్సింది తక్కువేం లేదు. బ్రేకులకు ఎయిర్ ప్రెషర్ నిండకుండా బండి కదపకూడదని, డీజిల్ ఆదా అని దిగుడులో న్యూట్రల్ చేస్తే బ్రేకులు కాలిపోతాయని, ఇంజన్ పొగని ఆపి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ ఎప్పుడు వాడాలో నేర్పాలి. బీఎస్ 6 పొగ రూల్సుతో వచ్చిన కొత్త బళ్లలో, పొగని శుభ్రం చేసే యాడ్‌బ్లూ ద్రవం అయిపోతోందని లైటు వెలిగితే పట్టించుకోకపోతే బండి లాగడం మానేస్తుంది, ఇది మా కాలంలో లేనిది. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పునే చెల్లుతుంది, దారిలో బండి చెడితే గడువు పెంచమని ఆఫీసుకి ఫోన్ చేయాలని కూడా మా వాడికి చెప్పినవాడు లేడు. అన్నిటికంటే ముందు, యాక్సిడెంట్ అయితే ఏం చేయాలి? 2024 జనవరిలో హిట్ అండ్ రన్‌కి పదేళ్ల జైలు అన్నారని డ్రైవర్లు స్ట్రైక్ చేస్తే హైదరాబాద్‌లో బంకుల ముందు ఎంత పెద్ద క్యూలు కట్టారో అందరికీ గుర్తుంది కదా. జనం కొడతారని భయపడి పారిపోతాడు కుర్రాడు. 108కి, 112కి ఫోన్ చేయి, ప్రాణభయం ఉంటే దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లి చెప్పు అని ఒక్క గంట కూర్చోబెట్టి చెప్పడానికి ఏం ఖర్చవుతుంది?

చేరేవాళ్లు కాగితం మీద అడగాల్సినవి అడగండి. పగలు ఎన్ని గంటలు, రాత్రి ఎన్ని గంటలు స్టీరింగ్ ఇస్తారు, శిక్షణ రోజులకు బత్తా ఎంత, బండికి దెబ్బ తగిలితే ఎవరు కట్టాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టమంటారు. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదని 1961 నాటి మోటార్ రవాణా కార్మికుల చట్టంలో ఉండేది, 2025 నవంబరులో ఆ చట్టం పోయి కొత్త కార్మిక కోడ్ వచ్చింది, పని గంటలెన్నో అది కూడా అడగండి, నవ్వుతారు, అయినా అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకండి. మా వాడి టెన్త్ మెమో రాబట్టడానికి నాలుగుసార్లు తిరిగాను.

రవాణా శాఖ వారికి నాదొకటే మనవి. ట్రైనీకి ఒక లాగ్ పుస్తకం పెట్టించండి, నడిపిన ప్రతి గంటా అందులో రాసి సీనియర్ సంతకం పెట్టాలి, ఆ సంతకానికి సీనియర్‌కి డబ్బులివ్వాలి. దారిలో బండి ఆపినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు మిగతా కాగితాలతో పాటు దాన్నీ చూడొచ్చు.

మా మేనల్లుడు ఇప్పుడు నాకు తెలిసిన ఓనర్ బండి మీద వెళ్తున్నాడు. హెవీ లైసెన్సు జేబులో పెట్టుకుని, క్లీనరుగా.

ఇట్లు,
ఒక పాత లారీ డ్రైవరు,
విజయవాడ