సిమెంటు దుమ్ముకు ఆకు సాక్ష్యం చెబుతుంది, కోసే పద్ధతి సరిగ్గా ఉంటే

సంపాదకులకు నమస్కారం.

ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు రైతులు సిమెంటు దుమ్ము మీద అర్జీ పెట్టుకుంటే ముందు అడిగేది కొలతలు. అవి ఎక్కడినుంచి తేవాలి? గాలిని కొలిచే యంత్రం ఒక్కోచోట వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి కనీసం 104 రోజులు నడవాలని నిబంధన. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో కర్నూలు, అనంతపురం, కడప నగరాలున్నాయి. పల్లెపల్లెకూ యంత్రం పెట్టడం మాత్రం అయ్యే పని కాదు. ఆ పల్లెల్లోనే ఉగాది నాటికి చిగిర్చి, మళ్లీ రాలేదాకా ఆ గాలిలోనే ఉండే వేపాకు, కానుగాకు ఉన్నాయి. వాటిని ఏటా ఒకసారి కోసి పరీక్షించమని మేం కోరుతున్నాం.

ఆకు కోయాల్సింది సంక్రాంతి దాటాక, చెట్టు ఆకు రాల్చక ముందు. వాన పడితే వారం ఆగాలి. కొమ్మ చివరి లేతాకు తరువాత వచ్చింది కాబట్టి పనికిరాదు, మొదలు దగ్గరి ముదురాకే కావాలి. అన్ని ఊళ్లలోనూ ఒకే జాతి చెట్టు, చెయ్యి అందే ఎత్తు, నాలుగు దిక్కుల కొమ్మలు, ఊరికి కనీసం ఐదు చెట్లు. ఫ్యాక్టరీకి అర కిలోమీటరు, రెండు, ఐదు కిలోమీటర్ల దూరాల్లో గాలివాలున ఒక వరుస, ఎదురు దిక్కున ఒక వరుస తీసుకోవాలి. గని, పెద్దరోడ్డు లేని దూరపు ఊరొకటి పోలికకు తప్పనిసరి. అది లేకపోతే మిగతా శ్రమంతా వృథా. కోసిన ఆకును కాగితం సంచిలో వేయాలి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి దుమ్మంతా కవరుకే అంటుకుంటుంది.

దుమ్ము బరువు డిగ్రీ కాలేజీలోనే తీయొచ్చు. ఇరవై ఆకుల్ని డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట నానబెట్టి, మెత్తని బ్రష్‌తో కడిగి, ముందే తూచిన ఫిల్టర్ కాగితంలో వడగట్టి, ఆరబెట్టి మళ్లీ తూచాలి. ఆకు వైశాల్యం గ్రాఫ్ కాగితం మీద గీసి లెక్కించాలి. ఒక వైపే లెక్కపెట్టారా, రెండు వైపులా పెట్టారా అన్నది రాసి పెట్టకపోతే ఫలితం సగానికి సగం మారిపోతుంది. సిమెంటు దుమ్ముతో ఇంకో చిక్కుంది. మంచుకు తడిసి ఆకు మీదే గట్టిపడుతుంది. గోటితో గీకితే బూడిద రంగు పెచ్చు లేచి కింద పచ్చదనం కనిపిస్తుంది. వాన దాన్ని కడగలేదు. అలాగని ఆమ్లం పోస్తే పెచ్చులోని సున్నం కరిగి బరువు తక్కువ చూపిస్తుంది. బ్రష్‌కు రాని పెచ్చు ఎన్ని ఆకుల మీద మిగిలిందో విడిగా రాయడమే సరైన పని.

లోహాల పరీక్షకు పెద్ద ల్యాబ్ కావాలి. ప్రతి నమూనానూ రెండు భాగాలు చేసి ఒకటి కడిగి, ఒకటి కడగకుండా పరీక్షించాలి. రెంటికీ మధ్య తేడా ఆకు పైన పడినది. కడిగిన దాంట్లో ఉన్నది ఆకులోకి పోయినదీ, బ్రష్‌కు లొంగకుండా అంటుకున్నదీ. 60 డిగ్రీల దగ్గర ఎండబెట్టాలి. పాదరసం చూడాలంటే అంత వేడి పనికిరాదు, ఆవిరై పోతుంది. స్టీలు మిక్సీలో పొడి చేస్తే క్రోమియం, నికెల్ మిక్సీవే వస్తాయి. అగేట్ అనే గట్టి రాతితో చేసిన కల్వం వాడాలి. అర గ్రాము పొడిని నైట్రిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లలో కరిగిస్తారు. ప్రతి విడతలోనూ ఆకు వేయని ఖాళీ నమూనా ఒకటి, విలువలు ముందే ధ్రువీకరించిన ఆకు పొడి ఒకటి ఉండాలి. ఆ పొడికి సరైన అంకె రాని రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాల్సిందే.

మంగంపేట ముగ్గురాయి మిల్లుల చుట్టూ ఈ పద్ధతి నడవదు. ముగ్గురాయి బేరియం సల్ఫేట్, నైట్రిక్ ఆమ్లంలో కరగదు. ఆకు తెల్లగా కనబడుతుంటే రిపోర్టులో బేరియం దాదాపు లేదని వస్తుంది. అక్కడ ఆమ్లంలో కరిగించకుండానే ఎక్స్‌కిరణాలతో మూలకాల్ని కొలిచే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్‌తో చూడాలి.

అంకెలు వచ్చాక తొందరపడకూడదు. సీసం వేళ్ల నుంచి ఆకుకు చాలా తక్కువగా ఎక్కుతుంది కాబట్టి ఆకులో సీసం ఎక్కువుంటే గాలినే అనుమానించాలి. జింకు, రాగి, మాంగనీసు మొక్కకు ఆహారం, కొంత ఎప్పుడూ ఉంటాయి. చీనీ తోటల పక్క చెట్లు అసలే వద్దు, తోటకు కొట్టిన బోర్డో మిశ్రమం (రాగి ఉన్న తెగులు మందు), జింకు మందు వాటి మీదా పడతాయి. మన ఎర్రనేలల దుమ్ములోనూ లోహాలుంటాయి. అందుకే అదే చోటి మట్టిని కూడా పరీక్షించి, మట్టిలో ఎప్పుడూ ఎక్కువగా ఉండే అల్యూమినియంతో ఒక్కో లోహానికి నిష్పత్తి కట్టి, ఆకులోనూ మట్టిలోనూ అది ఎంతుందో పోల్చి చూడాలి.

కాలేజీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే కాలుష్య సహన సూచికతో ఈ పని కాదు. ఆస్కార్బిక్ ఆమ్లం, క్లోరోఫిల్, ఆకు రసం పీహెచ్, నీటి శాతం కలిపి వేసే ఆ లెక్క ఏ చెట్టు తట్టుకుంటుందో చెబుతుంది. హరితవనంలో ఏ చెట్టు నాటాలో తేల్చుకోవడానికి మంచిదే. గాలిలో ఏముందో మాత్రం చెప్పదు.

ఆకు యంత్రానికి బదులు కాదు. 2009 నాటి జాతీయ ప్రమాణాలు గాలిలోని మోతాదుకు పెట్టినవి, ఆకు అంకెల్ని వాటితో పోల్చలేం. యంత్రం ఎక్కడ పెట్టాలో చూపించడం ఆకు పని. యోగి వేమన, శ్రీకృష్ణదేవరాయ, రాయలసీమ విశ్వవిద్యాలయాలు, చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలు కలిసి వచ్చే సంక్రాంతి నుంచి ఈ సర్వే మొదలుపెట్టాలి. చెట్టు చెట్టుకూ వచ్చిన అంకెల్ని సగటు చేసి దాచకుండా గ్రామ సచివాలయాల బోర్డు మీద పెట్టాలి. వరుసగా రెండేళ్లు పోలిక ఊరికంటే బాగా ఎక్కువ చూపిన చోట కాలుష్య నియంత్రణ మండలి ఏడాది పాటు యంత్రం నడపాలి.

– వృక్షశాస్త్ర, రసాయనశాస్త్ర అధ్యాపకులు, కడప