మేడారం నమూనా కట్టేముందు గ్రామసభను అడగండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుళ్లనూ కోటలనూ లేజర్ యంత్రాలతో కొలిచి, డ్రోన్లు తీసిన ఫొటోలతో కలిపి, కంప్యూటర్‌లో వాటి త్రీడీ నమూనాలు తయారుచేసే పని ఊపందుకుంటోంది. ఆ నమూనాకు కృత్రిమ మేధను జోడించి, అక్కడి కథలూ ఆచారాలూ చూసేవారి కళ్లముందే జరుగుతున్నట్టు చూపించడం తరువాతి అడుగు. ఈ వరుసలో సమ్మక్క సారలమ్మల జాతర జరిగే మేడారం పేరు రేపో మాపో రాక తప్పదని నా అనుమానం. వ్యవహారం టెండర్ల దాకా వెళ్లకముందే ఒక విషయం తమ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఈ పరిజ్ఞానంతో నాకు పేచీ లేదు. ములుగు జిల్లాలోనే ఉన్న రామప్ప గుడిని చూడండి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. స్తంభం ఎంత ఒరిగిందో, దూలంలో పగులు ఎంత పెరిగిందో మిల్లీమీటర్లలో చెప్పగల నమూనా ఉంటే మరమ్మతు చేసేవారికి అంతకంటే ఏం కావాలి? పారిస్‌లో నోత్ర్ దామ్ చర్చి 2019లో కాలిపోయినప్పుడు, అంతకు చాలా ముందే ఒక కళాచరిత్ర ఆచార్యుడు లేజర్‌తో తీసి ఉంచిన కొలతలు పునర్నిర్మాణానికి అక్కరకొచ్చాయి.

మేడారంలో అలా కొలవడానికి ఉన్నది తక్కువ. దేవతలను కొలువుంచే గద్దెలున్నాయి, జంపన్న వాగు ఉంది, చుట్టూ అడవి ఉంది. విగ్రహం లేదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరతారు. మర్నాడు చిలకలగుట్ట మీదినుంచి కోయ పూజారులు సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తీసుకొస్తుంటే, జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతారు. అంతవరకూ లక్షలమంది కళ్లారా చూసేదే. గుట్ట మీద పూజారులు చేసే పూజ మాత్రం బయటివారి కంట పడదు, పడకూడదన్నదే అక్కడి ఆచారం.

చిక్కంతా ఇక్కడే ఉంది. కేవలం కొలిచే యంత్రం తనకు కనపడని చోటును ఖాళీగా వదిలేస్తుంది. కృత్రిమ మేధ అలా వదలదు, వేరేచోట్ల చూసినవాటిని బట్టి ఊహించి పూడుస్తుంది. వేలాది గుళ్ల ఫొటోలతో శిక్షణ పొందిన యంత్రానికి గద్దె మీద విగ్రహం లేకపోవడం ఒక లోటుగానే తోస్తుంది. పులినెక్కిన రాణిగా సమ్మక్కను చూపే బొమ్మలు బజారులో ఎటూ ఉన్నాయి కనుక, వాటిలో ఒకదాన్ని తెచ్చి అక్కడ నిలబెట్టినా ఆశ్చర్యం లేదు. ఫొటోల సంగతి కూడా అంతే. భక్తులు ఫోన్లలో తీసేవి చాలావరకు జాతర నాలుగు రోజులవే, అందులోనూ ఎక్కువ భాగం గద్దెల దగ్గరివి, ఎత్తు బంగారమని తమ బరువుకు సమానంగా బెల్లం తూచే కాంటాల దగ్గరివి. మిగిలిన రోజుల్లో ఆ ఊరు ఎలా ఉంటుందో, అక్కడి కోయ కుటుంబాలు ఎలా బతుకుతాయో యంత్రానికి తెలిసే దారే లేదు.

కథ విషయంలో నష్టం ఇంకా పెద్దది. ప్రతాపరుద్రుడు కప్పం అడిగాడు, యుద్ధం జరిగింది అన్న కథనమే అచ్చులోనూ ఇంటర్నెట్‌లోనూ నిండి ఉంది. డోలు వాయిస్తూ కోయల వంశచరిత్ర పాడే డోలి కళాకారులు తమ ఇలవేల్పుల పడిగె (వంశచరిత్ర బొమ్మలున్న గుడ్డ) విప్పి, గట్టు గోత్రాల (వంశశాఖల) వరుసలో పాడే చరిత్రలో చాలా భాగం ఎక్కడా అచ్చు కాలేదు. ఆ చరిత్రను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన కన్నుమూశారు. గిరిజన భాషల కోసం కేంద్రం 2025లో తెచ్చిన ఆది వాణి అనువాద వ్యవస్థ సంతాలి, భీలీ, ముండారి, గోండి భాషలతో మొదలైంది, కోయకు అందులో చోటు దొరకలేదు. ఈ స్థితిలో మేడారం కథ చెప్పమని యంత్రాన్ని అడిగితే, కోయవారి కథను కోయేతరులు రాసుకున్న మాటల్లోనే చెబుతుంది. పైగా దాని గొంతులో తడబాటు ఉండదు కాబట్టి పిల్లలు అదే నమ్ముతారు.

నేను కోయవాణ్ణి కాను. వారికి ఏది మేలో చెప్పే అర్హత నాకు లేదు, ఏ కన్సల్టెంట్‌కూ లేదు. మేడారం ఉన్న తాడ్వాయి మండలం రాజ్యాంగం ప్రకారం గిరిజనులకు ప్రత్యేక రక్షణలున్న షెడ్యూల్డ్ ప్రాంతం. ప్రజల సంప్రదాయాలను, సాంస్కృతిక అస్తిత్వాన్ని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి పెసా చట్టం స్పష్టంగా చెబుతోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వ్యక్తులకు రక్షణ ఇస్తుందే తప్ప ఒక తెగ ఉమ్మడి ఆచారం జోలికి రాదు. కాబట్టి మనకున్న ఆధారం పెసాయే.

అందువల్ల నా మనవి ఇది. ఇటువంటి నమూనా ఏది తలపెట్టినా ముందుగా దాన్ని మేడారం, కన్నెపల్లి, పూనుగొండ్ల, కొండాయి గ్రామసభల్లో, తెలుగుతోపాటు కోయ భాషలోనూ, తెరమీద చూపించి వివరించాలి. చిలకలగుట్టను కెమెరాలకు దూరంగా ఉంచాలి, నమూనాలో ఆ చోటు ఖాళీగానే ఉండాలి. పడిగె కథలు పాడేవారికి శాలువా కప్పి పంపకుండా గౌరవప్రదమైన పారితోషికం ఇవ్వాలి. ఆ రికార్డింగుల మీద హక్కు కంపెనీకి పోకుండా, ఎవరికి ఎంతవరకు వినిపించాలో పాడినవారి కుటుంబాలూ గ్రామసభలూ తేల్చేలా ఒప్పందం ఉండాలి. అన్నీ విన్నాక గ్రామసభ వద్దంటే ఆ పని అక్కడితో ఆగిపోతుందన్న మాటను ఉత్తర్వులో ముందే రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ములుగు జిల్లా పౌరుడు